ఒక్కసారి అంటే ఏ ఒక్కసారి?

మా మేనమామకు అల్లూరు మండలంలో, ఇసకపల్లి వైపు, నాలుగు రొయ్యల గుంటలున్నాయి. రెండేళ్ల క్రితం ఆయన మేత లెక్కల కోసం నేనొక చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాసిచ్చాను. ఏ గుంటకు ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, షెడ్డులో 25 కిలోల బస్తాలు ఇంకా ఎన్ని మిగిలాయి, ఇంతే దాని పని. ఇచ్చిన మూడో రోజు ఆయన దగ్గరి నుంచి ఫోను వచ్చింది.

"అల్లుడూ, షెడ్డులో నలభై బస్తాలున్నాయి. నీ యాప్‌లో నూట అరవై ఉన్నాయి. మిగతా నూట ఇరవై నువ్వు పంపిస్తావా?"

ఆదివారం నెల్లూరులో బండెక్కి వెళ్లాను. గట్టు మీది షెడ్డులో కూర్చుని పాత లెక్కంతా చెరిపేసి మళ్లీ తెరిచాను. 40 బస్తాలు. "చూశారా మామయ్యా, సరిగ్గానే ఉంది" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పట్టికలో చివరి గడి కనబడటం లేదని ఫోను అడ్డంగా తిప్పారు. 80. నాకు చూపిద్దామని మళ్లీ నిలువుగా తిప్పారు. 120. నమ్మలేక నా చేతిలోకి తీసుకుని నేనొకసారి అడ్డం తిప్పాను. 160. గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడులో కూడా ఆయన నవ్వు స్పష్టంగా వినబడింది. "రొయ్యలకంటే నీ బస్తాలే తొందరగా పెరుగుతున్నాయిరా!"

ఏం జరిగిందో చెప్పడం తేలికే. ఆయనకు అప్పట్లో టైపు చేయడం అలవాటు లేదు గనుక, పుస్తకంలో ఉన్న మొదటి నిల్వను నేనే కోడులో రాసి, యాప్ తెరవగానే డేటాబేసులో చేరేలా పెట్టాను. పెట్టిన చోటు తెర తాలూకు ఆన్‌క్రియేట్, అంటే తెరను కట్టేటప్పుడు ఆండ్రాయిడ్ నడిపే కోడు. పేరులో క్రియేట్ ఉంది కదా, పుట్టుక ఒక్కసారే కదా అనుకున్నాను. ఆండ్రాయిడ్ లెక్క వేరు. ఫోను అడ్డం తిప్పితే అది పాత తెరను కూల్చేసి కొత్త తెర కడుతుంది. అక్షరాల సైజు మార్చినా, ఫోను భాషను ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చినా, రాత్రివేళ నల్లరంగు తెరకు మారినా అంతే, మనం ప్రత్యేకంగా వద్దని చెప్పుకుంటే తప్ప. కట్టిన ప్రతిసారీ ఆన్‌క్రియేట్ నడుస్తుంది. గృహప్రవేశానికి పాలు పొంగిస్తాం, మంచిదే. సోఫాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపినప్పుడల్లా పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తే ఎలా ఉంటుంది? నా కోడు చేసింది అదే.

యాప్ మొదలులో నడవాల్సిన కోడు ఒక్కసారే నడవాలంటే ఎలా? ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఇది అడుగుతారు. జవాబు కూడా నోటికి వచ్చిన పద్యంలా సిద్ధంగా ఉంటుంది. "అయిపోయింది" అని ఫోనులో ఒక గుర్తు దాచుకో, తెరిచినప్పుడల్లా ఆ గుర్తు ఉందో లేదో చూడు, లేకపోతే పని చేసి గుర్తు పెట్టు. నేనూ ఆ పద్యమే చదివాను, ఇతరులకు చదివి వినిపించాను కూడా. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. జవాబు సంగతి తర్వాత, ముందు ఆ ప్రశ్నే సగం ప్రశ్న. ఒక్కసారి అంటే దేనికి ఒక్కసారి?

ఇది మా మామయ్యను అడిగితే క్షణంలో చెబుతారు. గుంట తవ్వడం ఒక్కసారే. గుంటను ఎండబెట్టి సున్నం చల్లడమూ ఒక్కసారే, కాని అది పంటకు ఒక్కసారి. మేత వేశాక చెక్ ట్రే పైకి లేపి ఎంత మిగిలిందో చూడడమూ ఒక్కసారే, కాని పూటకు ఒక్కసారి. పంటకు చేయాల్సిన పనిని పూట పూటకూ చేసే మనిషిని ఆయన మర్నాడు పనిలోకి రానివ్వరు. నన్ను రానిచ్చారంటే అక్క కొడుకునని.

యాప్‌లోనూ ఆయుష్షులు వేరువేరు. అన్నిటికంటే అల్పాయుష్షు తెరది. దానికంటే పెద్దది ప్రాసెస్ ఆయుష్షు. ప్రాసెస్ అంటే ఫోను మెమరీలో నడుస్తున్న మొత్తం యాప్. ప్రాసెస్ పుట్టినప్పుడు అప్లికేషన్ తాలూకు ఆన్‌క్రియేట్ ఒక్కసారి నడుస్తుంది, కనుక తెరలో రాసింది తీసి అక్కడ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. ఫోను తిప్పితే వచ్చే జబ్బు దానితో కుదురుతుంది, నిజమే. కాని ప్రాసెస్ ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు పోతుందో వాడే మనిషికి తెలియదు. మా మామయ్య ఏ యాప్‌నూ మూయరు. ఆయన లెక్కలో మేత యాప్ వారం రోజులుగా తెరిచే ఉంది. ఈలోగా ఆయన వీడియోలు చూస్తారు, కౌంటును బట్టి (కిలోకు ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి) రొయ్యల ధర చూస్తారు, గుంట నీటి రంగు ఫొటో తీసి పంపుతారు. మెమరీ చాలక ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న మా ప్రాసెస్‌ను చప్పుడు చేయకుండా చంపేస్తుంది. ఆయన తిరిగి వచ్చేసరికి కొత్త ప్రాసెస్ పుట్టి, పాత తెరనే చూపిస్తూ ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. ఆయన లెక్కలో యాప్ మూతపడనే లేదు, కోడు లెక్కలో మళ్లీ మొదలైంది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. వెనక్కి బటన్ నొక్కి బయటికి వచ్చామంటే యాప్ మూసేశామనుకుంటాం. ప్రాసెస్ మాత్రం బతికే ఉండవచ్చు, మళ్లీ తెరిచినప్పుడు అప్లికేషన్ ఆన్‌క్రియేట్ నడవకపోవచ్చు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచైతే, యాప్ మొదటి తెర మీద వెనక్కి నొక్కినా ఆ తెర కూలదు, వెనకకు జరుగుతుందంతే. ఆయన పాత ఫోనులో ఒకలా, నా ఫోనులో ఇంకోలా నడుస్తున్న ఒకే కోడును చూసి ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. తప్పు ఫోన్లది కాదు. "తెరిచినప్పుడు" అన్న మాటకు నేను చెప్పుకున్న అర్థం రెండు ఫోన్లలో ఒక్కదానికీ తెలియదు.

ఇంకొక మెట్టు పైకి వెళితే ఇన్‌స్టాల్ ఆయుష్షు. అక్కడే మన పద్యంలోని గుర్తు పనికొస్తుందంటారు. సరే, పెట్టాను. రెండో విడతలో మొదటి నిల్వతో పాటు మరొకటి చేర్చాను. రొయ్య బరువును బట్టి రోజుకు ఎంత మేత వేయాలో చెప్పే పట్టిక, సర్వర్ నుంచి మొదటిసారి మాత్రం దిగాలి. బస్తాలు నాలుగింతలైన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది కనుక, రెండుసార్లు జరగకూడదన్న భయంతో ముందు గుర్తు పెట్టి ఆ తర్వాత పట్టిక దించేలా రాశాను. మామయ్య దాన్ని మొదట తెరిచింది గట్టు మీద. అక్కడ సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. గుర్తు పడింది, పట్టిక దిగలేదు. రాత్రి ఇంటికొచ్చి వైఫైలో తెరిచినా యాప్ కదలదు మెదలదు. "అయిపోయింది" అని రాసి ఉందిగా! ఖాళీ పట్టికను చూపిస్తూ అన్నీ సక్రమంగా ఉన్నాయంటుంది.

వరుస మార్చి పని ముందు, గుర్తు తర్వాత పెట్టవచ్చు. అప్పుడు ఆ రెండిటి మధ్య ప్రాసెస్ పోతే పని మరోసారి జరుగుతుంది. ముందు గుర్తు పెడితే పని ఎగిరిపోవచ్చు, తర్వాత పెడితే పని రెట్టింపు కావచ్చు. పనికీ గుర్తుకూ మధ్య సందు ఉన్నంతకాలం ఈ రెండిట్లో ఏదో ఒకటి కాచుకుని ఉంటుంది. పైగా ఇలాంటి గుర్తులను మనం సాధారణంగా దాచే షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో, అప్లై అన్న పద్ధతి మార్పును ముందు మెమరీలో చేసి డిస్క్ మీదికి ఆ తర్వాత తీరిగ్గా రాస్తుంది. ఆ కాసేపట్లో యాప్ కుప్పకూలితే పెట్టామనుకున్న గుర్తు కూడా దక్కదు. ఇది అరుదే, కాదనను.

అరుదు కానిది ఒకటి చెబుతాను. నిరుడు మామయ్య కొత్త ఫోను కొన్నారు. పాత ఫోనులోని బ్యాకప్ దీనిలోకి దిగింది. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌ల సమాచారాన్ని ఫోను తనంతట తానే బ్యాకప్ తీస్తుంది, ఒక్కో యాప్‌కు 25 ఎంబీ దాకా. షేర్డ్ ప్రిఫరెన్సెస్ కూడా, మనం వద్దనకపోతే, అందులో వెళ్లిపోతాయి. బిల్లుల ఫొటోలు డేటాబేసులోనే కూరిన ఘనుణ్ణి కనుక, హద్దు దాటుతుందని డేటాబేసును బ్యాకప్ నుంచి నేనే తీసేసి ఉన్నాను. ఫలితంగా కొత్త ఫోనులోకి గుర్తు వచ్చింది, సరుకు రాలేదు. అద్దె ఇల్లు మారి కొత్త ఇంట్లో దిగితే, సామాన్లు ఒక్కటీ రాకముందే పాలు ఎప్పుడో పొంగించేశామని వాదించినట్టుంది యాప్ వ్యవహారం. ఐఫోన్‌లోనూ ఇలాంటి తిరకాసే మరో రూపంలో ఉంది. యాప్ తీసేస్తే యూజర్ డిఫాల్ట్స్ అనే సెట్టింగుల చోట ఉన్న గుర్తులు పోతాయి, పాస్‌వర్డుల్లాంటివి దాచే కీచైన్‌లో పెట్టినవి మిగిలిపోతాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఇది కొత్త మనిషా, పాత మనిషా?

ఈ గుర్తు దగ్గరే ఒంగోలులో ఉండే నా మిత్రుడితో నాకు పేచీ వచ్చింది. కొండపి దగ్గర పొగాకు పండించే ఇంటివాడు, ఇలాంటి యాప్‌లు నాకంటే ఎక్కువ రాసినవాడు. బస్టాండు దగ్గర టీ తాగుతూ అన్నాడు, "చీమను కొట్టడానికి రోకలి ఎత్తుతున్నావు. గుర్తు పెట్టు, ముందుకు సాగిపో. ఎప్పుడో ఒకరికి తేడా వస్తే చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటారు." సగం ఒప్పుకున్నాను. యాప్ కొత్తగా తెరిచినవాళ్లకు చూపించే స్వాగతం పేజీలు ఉంటాయి చూడండి, ఎడమకు తోసుకుంటూ పోయేవి. వాటికి గుర్తు చాలు. రెండోసారి కనబడితే ఒక విసుగు నిట్టూర్పు, అంతే నష్టం. కాని బస్తాల లెక్క అలా కాదు. డబ్బు, నిల్వ, సందేశాలు పంపడం, ఇలా రెండోసారి జరిగితే ఎవరికో చేయి కాలే పనులకు గుర్తును నమ్ముకోవడం నాకు నచ్చదు.

"అయితే ఏం చూస్తావు?" అన్నాడు. మా మామయ్య పాత పుస్తకాన్ని చూస్తాను అన్నాను. అది ఎర్ర అట్ట పొడుగు పుస్తకం. మొదటి పేజీ నెత్తిన ఎర్ర సిరాతో "మొదటి నిల్వ" అని రాసి, కింద మేత నంబర్ల (గుళికల సైజుల) వారీగా బస్తాలు వేస్తారు. ఆ నిల్వ రాశానా లేదా అన్నది ఆయన వేరే చీటీలో రాసి జేబులో పెట్టుకోరు. పుస్తకం తెరుస్తారు. నెత్తిన ఖాళీగా ఉంటే రాస్తారు, ఉంటే కిందికి దిగుతారు. గుర్తు అంటే జేబులోని చీటీ. చొక్కా మారిస్తే చీటీ పోతుంది, లేదా పుస్తకం పోయినా చీటీ మిగులుతుంది.

మిత్రుడు వెంటనే పట్టుకున్నాడు. "పట్టిక ఖాళీగా ఉంటే నింపుతావు, బాగుంది. మీ మామయ్యే తనకు అక్కర్లేదని అన్ని వరుసలూ తీసేస్తే? మర్నాడు మళ్లీ నింపుతావా?" దెబ్బ సరిగ్గానే తగిలింది. ఖాళీ అంటే ఇంకా రాయనిది కావచ్చు, రాసి చెరిపింది కావచ్చు. రెండూ చూపుకు ఒకటే. అప్పుడు గుర్తు కావాల్సిందే, కాని అది జేబులో కాక ఆ పుస్తకంలోనే ఉండాలి.

అదృష్టవశాత్తూ ఆ ఏర్పాటు మనకంటే ముందే ఎవరో చేసిపెట్టారు. ఆండ్రాయిడ్ మొదటి నుంచీ వాడుతున్న డేటాబేసు ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఆ డేటాబేసులో, ఫైలు మొదట్లోనే మన ఇష్టానికి వదిలిన ఒక చిన్న అంకె ఉంటుంది, దాని పేరు యూజర్ వెర్షన్. కొత్త డేటాబేసులో అది 0. ఆండ్రాయిడ్ ఇచ్చే సహాయక కోడు ఫైలు తెరిచి ఆ అంకె చూస్తుంది. 0 అయితే డేటాబేసు తాలూకు ఆన్‌క్రియేట్‌ను నడిపి, అంకె మారుస్తుంది. పనీ అంకె మార్పూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతాయి. మధ్యలో ప్రాసెస్ పోతే రెండూ పోతాయి, నిలిస్తే రెండూ నిలుస్తాయి. నేను ఇందాక మొత్తుకున్న సందు ఇక్కడ లేదు. ఫైలు పోతే గుర్తూ పోతుంది, ఫైలు వస్తే గుర్తూ వస్తుంది. సర్వర్ నుంచి దిగే పట్టికకు కూడా ఇదే చేశాను. ముందు పట్టిక మొత్తం దిగాలి, ఆ తర్వాత దాని వరుసలూ "దిగింది" అన్న ఒక వరుసా కలిసి ఒకే ట్రాన్సాక్షన్‌లో డేటాబేసులోకి వెళ్లాలి.

గమనించారా, ఆన్‌క్రియేట్ అన్న పేరు ఇప్పటికి మూడు చోట్ల వచ్చింది. తెరకొకటి, అప్లికేషన్‌కొకటి, డేటాబేసుకొకటి. మా ఊళ్లో పెంచలయ్యలు ముగ్గురున్నారు. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టని ఇల్లు మా వైపు తక్కువ. పోస్టుమాన్ తండ్రి పేరు చూసి గాని ఉత్తరం ఇవ్వడు. నేను పేరు మాత్రమే చూసి ఉత్తరం ఇచ్చేశాను.

ఇవన్నీ ఒక్కసారే నడిపించే ఉపాయాలు. నాకు నిజంగా ఇష్టమైనది వేరే దారి. రెండోసారి నడిచినా నష్టం లేకుండా రాయడం. తూము మూయమని పనివాడికి రెండుసార్లు చెప్పినా తూము ఒక్కసారే మూతపడుతుంది. గుంటలో లక్ష పిల్లలు వదలమని రెండుసార్లు చెబితే రెండు లక్షలవుతాయి. మొదటి రకం ఆజ్ఞను గణితంలో ఐడెంపొటెంట్ అంటారు, 1870లో బెంజమిన్ పియర్స్ అనే అమెరికన్ గణితవేత్త పెట్టిన పేరు. "బస్తాలకు 40 కలుపు" అన్నది పిల్లలు వదలడం. "2వ నంబరు మేత మొదటి నిల్వ 40 అని ఉండాలి" అన్నది తూము మూయడం. కోడులో తేడా ఒక్క వరుస. మొదటి నిల్వ అన్న నమోదుకు మేత నంబరుతో ఒక తాళం (యూనిక్ కీ, అంటే రెండు వరుసలకు ఒకటే ఉండకూడని గుర్తింపు) కట్టి, అదే తాళంతో రెండోది వస్తే పట్టించుకోవద్దని డేటాబేసుకు చెప్పడం. ఇక ఫోను గింగిరాలు తిప్పండి, ఎన్ని ప్రాసెస్‌లైనా చచ్చి పుట్టనివ్వండి, 40 అంటే 40.

ఈ మాట మిత్రుడికి చెబితే ఒక్క క్షణం ఆగి, తన వాదాన్ని తానే తవ్వుకున్నాడు. పొగాకు వేలంలో ప్రతి బేలుకూ ఒక నంబరు ఉంటుందట. అదే బేలును ఇంకో మూల నుంచి తోసుకొచ్చి పెట్టినా నంబరు చూస్తే తెలిసిపోతుంది. "బేలు వచ్చిందా లేదా అని గేటు దగ్గర ఎవరినీ నిలబెట్టరు" అన్నాడు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

మేత వేళ గుర్తుచేసే మోత సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. రోజుకు నాలుగు పూటలు ఫోను మోగాలని, యాప్ తెరవకపోయినా వెనకాల పనులు నడిపించే వర్క్ మేనేజర్‌కు ఒక పని అప్పగించాను. అప్పగించే కోడు అప్లికేషన్ ఆన్‌క్రియేట్‌లో ఉంది. ప్రాసెస్ పుట్టినప్పుడల్లా కొత్త పని ఒకటి వరుసలో చేరింది. తమాషా ఏమిటంటే, గుర్తుచేయడానికి ఫోను మా యాప్‌ను లేపినప్పుడు, తెర తెరవకపోయినా ప్రాసెస్ పుడుతుంది, అప్లికేషన్ ఆన్‌క్రియేట్ నడుస్తుంది, ఇంకో మోత చేరుతుంది. మోతే మోతను కంటోంది. వారం తిరిగేసరికి ఉదయం ఆరింటికి మామయ్య జేబులో వరుసగా ఆరుసార్లు గంట మోగింది. అత్తయ్య పూజగదిలో నుంచి తొంగిచూసి, హారతికి మీ ఫోనే చాలేమో అన్నదట. పనికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంటే దాన్నే ఉంచమని చెప్పే పద్ధతి వర్క్ మేనేజర్‌లోనే ఉంది. ఒక్క వరుస మార్పు. ఆరు మోతలు ఒకటయ్యాయి.

ఇంత జాగ్రత్త తెరిచిన ప్రతిసారీ చేస్తే యాప్ మొద్దుబారదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యాప్ పూర్తిగా కొత్తగా మొదలవడానికి 5 సెకన్లు పట్టినా, దాటినా గూగుల్ దాన్ని మితిమీరిన ఆలస్యం కింద లెక్కవేస్తుంది. చవక ఫోన్లలో ఆ 5 సెకన్లు ఇట్టే కరిగిపోతాయి. కాని తాళం ఉన్న వరుస కోసం డేటాబేసును అడగడం పెద్ద పని కాదు. మొద్దుబార్చేది ఎక్కువగా మనం "మొదట్లోనే అయిపోవాలి" అని అనవసరంగా తోసే సరుకు. పట్టిక అవసరం పట్టిక తెర తెరిచినప్పుడు వస్తుంది. అప్పుడు చూసుకుంటే చాలదా?

ఇప్పుడు ఏ మార్పు చేసినా నేను మామయ్యలా పరీక్షిస్తాను. ఫోను తిప్పుతాను. అక్షరాలు పెద్దవి చేస్తాను. డెవలపర్ ఆప్షన్లలో, తెర కనుమరుగైన వెంటనే దాన్ని కూల్చేయమనే మీట ఒకటి ఉంటుంది, అది వేసి తిరుగుతాను. దించుకుంటున్నప్పుడు నెట్ ఆపేస్తాను. ఇన్ని చేసినా ఆయనకు దొరికేది నాకు దొరకదు.

పోయిన నెల పట్టుబడి అయింది. గుంటలు ఎండబెట్టి, మళ్లీ నీళ్లు పెట్టి, కొత్త పంటకు మేత దింపుకున్నారు. అదే రోజు రాత్రి ఫోను చేశారు.

"అల్లుడూ, మొదటి నిల్వ యాభై అయిదు అని రాస్తే నీ యాప్ తీసుకోవడం లేదు. నలభై దగ్గరే నిలబడి ఉంది."

"అది ఒక్కసారే రాయాలి మామయ్యా. రెండోసారి రాస్తే పట్టించుకోకుండా నేనే కట్టడి చేశాను."

"అది పోయిన పంట నలభై కదరా."

నిజమే. తాళంలో మేత నంబరు ఉంది, పంట లేదు. పొద్దున ఆరింటికి మొదటి మేత పడేలోగా సరిచేసి పంపుతానని చెప్పి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆయన అప్పటికే ఎర్ర అట్ట పుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాసేసుకున్నారట.